రేకు కుర్చీ మీద అరచెయ్యి

నిన్న పొద్దున మా అపార్ట్‌మెంట్ కింద ఎవరి పెళ్ళికో టెంటు వేస్తున్నారు. నేను స్టవ్ మీద పాలు పెట్టి, అవి ఇప్పుడే పొంగవులే అన్న ధీమాతో ఫోను చూసుకుంటున్నాను. ముందు వేలితో మైకు మీద కొట్టిన టప్ టప్ చప్పుడు వచ్చింది. తర్వాత చెవులు జివ్వుమనిపించే కీచు. ఆ తర్వాత ఒక గొంతు, "హలో, హలో. హలో, హలో. మైక్ టెస్టింగ్. ఒకటి, రెండు, మూడు" అంది. పాలు పొంగి పొయ్యి మీద పడి మాడు వాసన వచ్చేదాకా నేను కిటికీ దగ్గర చెయ్యి పైకెత్తి నిలబడే ఉన్నాను. కింద టెంటు వాళ్ళలో ఒకతను పైకి చూసి, ఈమెకేం కావాలో అన్నట్టు మొహం పెట్టాడు. అతనికి దావీదు బాపు తెలియదు కదా.

ఆ నాలుగు మాటలు వినని తెలుగువాళ్ళుండరు, విని పట్టించుకునేవాళ్ళూ ఉండరు. నేను మాత్రం ఒక రకంగా వాటి మీదే బతుకుతున్నాను. నాది వైఫై చిప్పులు తయారుచేసే కంపెనీలో ఉద్యోగం. వైఫై పెట్టె నుంచి ఫోనుకు వచ్చే సమాచారం కుళాయి నీళ్ళలా ఏకధారగా రాదు. చిన్న చిన్న మూటలుగా వస్తుంది. ఏ మూట ఎప్పుడొస్తుందో ఫోనుకు ముందుగా తెలియదు. అందుకని పంపేవాడు అసలు విషయానికి ముందు, ఇద్దరికీ తెలిసిన ఒక చిన్న రాగం ముక్కను మళ్ళీ మళ్ళీ పంపుతాడు. గాలిలో ఉన్న నానా గోలలో ఆ ముక్కను పసిగట్టి, ఇదిగో, మాట ఇక్కడ మొదలైంది అని చెప్పడమే నా పని. ఆ క్షణం తప్పితే తర్వాత వచ్చేదంతా గాలికి పోయినట్టే. మా ఇంట్లో వాళ్ళకు నా ఉద్యోగం ఈనాటికీ అర్థం కాలేదు. మొదటిసారి చెప్పగానే అర్థం చేసుకున్న మనిషి చాంద్రాయణగుట్టలో మైక్‌సెట్టు అద్దెకిచ్చే దావీదు బాపు.

కొన్నేళ్ళ కిందట నేను వాళ్ళ మేడ మీది గదుల్లో అద్దెకు దిగాను. కింద ముందు వైపు దుకాణం, వెనక వైపు ఇల్లు. దుకాణంలో బాక్సులు, ఆంప్లిఫయర్లు, అఫ్జల్‌గంజ్ నుంచి తెచ్చిన తాళ్ళ చుట్టలు, ఒక మూలన రంగు పోయిన రేకు కుర్చీ ఉండేవి. బాపుకు అప్పటికే అరవై దాటాయి. ఒక సర్కారు ఫ్యాక్టరీలో రేకులు ఒత్తే మిషన్ పక్కన ముప్ఫై ఏళ్ళు పనిచేసి రిటైరయ్యాడు. మైక్‌సెట్టు పని ఆ రోజుల్లోనే సెలవు దినాల సరదాగా మొదలుపెట్టాడట. మరియమ్మ ఆయన భార్య. మనిషి కొంచెం, గొంతు మాత్రం వీధి చివరిదాకా వినపడేది. నేను చేరిన రెండో రోజున బాపు మెట్ల మీద ఆపి అడిగాడు.

"ఏం పని చేస్తవ్ బిడ్డా?"

"కంపెనీల ఇంజినీర్ బాపు. గాలిల ఎవలన్న మాట్లాడుడు షురూ చేసిన్రా లేదా అని కనిపెట్టాలె."

ఆయన నా పెదవుల వైపే చూస్తూ విన్నాడు. నవ్వుతాడనుకున్నాను. "మరి గదే నా పని గూడ" అన్నాడు, తన ఊరివాడొకడు కలిసినంత మామూలుగా.

వారంలో ఒక్కరోజే ఆఫీసుకు వెళ్ళాలి, మిగతా రోజులు ఇంటి నుంచే పని. కాబట్టి తీరిక దొరికితే కింద దుకాణంలో తేలేదాన్ని. ఆయన పని పద్ధతి చూడ్డం నాకు మెల్లగా వ్యసనమైంది. ఎక్కడ ఫంక్షనున్నా బాక్సులు పెట్టాక మరియమ్మ మైకు దగ్గర నిలబడుతుంది. బాపు రేకు కుర్చీ మోసుకుని జనం కూర్చునే చోటికి పోతాడు. ముందు వరుస, నడుమ, చివరి మూల, అన్ని చోట్లా కుర్చీ వేసుకుని కూర్చుంటాడు. ఆమె చెప్పే మాటలు ఎప్పుడూ అవే, వాటి మధ్య వ్యవధి కూడా ఎప్పుడూ అంతే. బాగా వచ్చిందనిపిస్తే ఆయన కుడిచెయ్యి నిటారుగా పైకెత్తుతాడు. రాకపోతే ఎత్తడు. అంతకుమించి వాళ్ళిద్దరి మధ్య మాటలుండవు.

ఒకసారి సంతోష్‌నగర్‌లో ఒక స్కూలు వార్షికోత్సవానికి వెళ్ళాం. ఒక టీచరమ్మ ఉత్సాహంగా మైకు అందుకుని పాట మొదలుపెట్టింది, టెస్టింగ్ కోసమే అని. బాపు కుర్చీలోంచి లేచి వచ్చి మర్యాదగా మైకు తీసుకున్నాడు.

"పాట మస్తు పాడుతున్నవ్ తల్లీ, తర్వాత పాడుదువు గాని. ముందుగాల మనకు ఎర్కున్న మాట పోవాలె. ఎర్కలేని మాట వోతే, అది నడుమల ఖరాబైందో, అసలే గట్లున్నదో ఎట్ల తెలుస్తది?"

నేను అక్కడే ఒక బెంచీ మీద కూలబడ్డాను. ఎంటెక్‌లో మా ప్రొఫెసర్ మూడు క్లాసుల పాటు బోర్డు నింపి చెప్పిన సంగతి అది. బాపు దాన్ని స్కూలు గ్రౌండులో చెప్పేసి, మళ్ళీ వెళ్ళి కుర్చీలో కూర్చున్నాడు.

ఆ రోజుల్లో నన్ను తినేస్తున్న సమస్య వేరే ఉంది. ఇప్పటి వైఫై పెట్టెలకు ఒక్క యాంటెన్నా చాలదు. రెండు, నాలుగు, ఇంకా ఎక్కువ కూడా ఉంటాయి. అన్నీ ఒకే రాగాన్ని ఒకేసారి పాడితే, గదిలో కొన్ని చోట్ల ఒకదాన్నొకటి చంపేసుకుంటాయి. ఇదే బాపుకు చెప్తే, "రా, చూపిస్త" అని దుకాణం ముందు రెండు బాక్సులు దూరంగా పెట్టాడు. ఒకదాని వైర్లు కావాలనే అటుదిటు చేసి, నన్ను సరిగ్గా నడుమ రేకు కుర్చీలో కూర్చోబెట్టాడు. మరియమ్మ గొంతు పక్క వీధిలో గంటలా మోగుతోందట. నాకు మాత్రం డబ్బాలోంచి మాట్లాడినట్టు సన్నగా, డొల్లగా వినిపించింది.

"ఒకటి ముందుకు తోస్తది, ఇంకోటి ఎనుకకు గుంజుతది. ఆళ్ళ లొల్లిల నడుమ కూసున్నోళ్ళకు ఏం మిగల్తది?" అన్నాడు. వైర్లు సరిచేయగానే గొంతు నిండుగా వచ్చింది.

"మాకు వైరు మార్చుడు కుదరదు బాపు. వినేటోళ్ళు ఎక్కడెక్కడ ఉంటరో తెల్వదు. ఒకరికి బాగైతే ఇంకొకరికి పాడైతది. గందుకే రెండో యాంటెన్నా రాగాన్ని మొదటి కెల్లి కాకుండ జర నడుమల కెల్లి ఎత్తుకుంటది. ఒకేసారి ఒకే ముక్క పాడవు గనక, అంతటా ఒక్కతీరుగ చచ్చిపోవు."

ఆయన కాసేపు గడ్డం గోక్కున్నాడు. "మరి నడుమల కెల్లి ఎత్తుకుంటే, ఇడిసిపెట్టిన మొదలు ఏమైతది?"

"చివరికి తెచ్చి పాడుతది."

"మా చర్చి గుళ్ళె పల్లవి తీరు" అన్నాడు సంతోషంగా. "ఆలస్యంగొచ్చినోడు యాడ అందుకున్నా పల్లవి తిరిగొస్తనే ఉంటది."

అడగాల్సిన ప్రశ్న అడగడంలో ఆయన మా ఆఫీసులో సగం మంది కంటే నయం. ఇంతా చేసి నా అసలు చిక్కు విడిపోలేదు. పంపేవైపు ఎలా ఉన్నా, వినేవైపు నాలుగు యాంటెన్నాలున్నాయి. నేను ఒక్కోదానికి ఒక్కో కాపలావాణ్ణి పెట్టినట్టు నాలుగు లెక్కలు కట్టి, ఒక్కో యాంటెన్నాతో వచ్చిందా రాలేదా అని తీర్పు చెప్పించి, చివర్లో ఓట్లు లెక్కపెట్టేదాన్ని. సిగ్నల్ బలహీనంగా ఉన్నప్పుడు నలుగురూ రాలేదనే చెప్పేవాళ్ళు. పైగా అన్ని లెక్కలకు చిప్పు వేడెక్కి బ్యాటరీని మింగేసేది. నెలాఖరు సమీక్షలోగా ఇది చిన్నది కాకపోతే నా భాగాన్ని తీసేసి, బయటి నుంచి తెచ్చింది పెడతామని మా బాస్ చెప్పేశాడు. నాకది మొదటి డిజైను. రోజూ అన్నం ముందు కూర్చుని కూడా దాన్నే నమిలేదాన్ని.

అలాంటి ఒక మధ్యాహ్నం మరియమ్మకు మోకాలి నొప్పి వచ్చి, మైకు దగ్గర నిలబడే పని నాకు పడింది. గృహప్రవేశం, చిన్న టెంటు. బాపు చివరి మూలన కూర్చున్నాడు. మూడుసార్లు అవే మాటలు చెప్పేసరికి నాకు విసుగొచ్చింది, కొంచెం కొంటెతనం కూడా వచ్చింది. సరిగ్గా మరియమ్మ వ్యవధిలోనే, "బాపూ, బాపూ. బాపూ, బాపూ. ఆకలైతుంది. ఇడ్లీ, వడ, దోశ" అన్నాను. కుర్చీలు వేస్తున్నవాళ్ళు నవ్వారు. బాపు నవ్వలేదు. ఎంతో తృప్తిగా కుడిచెయ్యి నిటారుగా పైకెత్తాడు.

అప్పుడు చూశాను. ఆయన ఎడమ అరచెయ్యి రేకు కుర్చీ అంచు మీద అతుక్కుని ఉంది. ఎప్పుడూ అలాగే ఉండేది. నేనే ఎప్పుడూ చూడలేదు.

తిరిగి వచ్చేటప్పుడు ట్రాలీ ఆటోలో బాక్సుల మధ్య కూర్చుని నేనేం అన్నానో చెప్పాను, ఆయనకు ఎదురుగా, పెదవులు కనపడేలా. ఆయన పక్కనున్న బాక్సును దగ్గరికి జరుపుకున్నాడు.

"కుడిచెవు సాంతం పోయింది. ఎడమది జర్రంత ఉన్నది. ఆ మిషన్ తినేసింది. మరియమ్మకు తప్ప ఎవలకు ఎర్కలే."

"మరి చెయ్యెట్ల ఎత్తుతవ్ బాపు? మాటలు వేరే అన్న గదా."

"నేను మాటలు ఇనను బిడ్డా. ముందుగాల వచ్చిందే మళ్ళొస్తుందా లేదా, గదే చూస్త. గాలి సప్పుడు, బండ్ల సప్పుడు మళ్ళా గట్లనే రాదు. మనిషి హలో అన్నంక మళ్ళా హలో అంటే గది తెలిసిపోతది."

"అంత తక్కువ ఇనబడ్డా తెలుస్తదా?"

"ఉత్త చెవునే అడిగితే తెల్వదంటది. ఉత్త చేతిని అడిగినా తెల్వదనే అంటది. ఒక్కొక్కదాన్ని అడగద్దు. చెవు జర చెప్తది, రేకు అదిరితే చెయ్యి జర చెప్తది. రెండూ కలుపుకోని, అప్పుడు ఒక్కపారి అడగాలె."

ఆటో ఫ్లైఓవర్ ఎక్కుతోంది. నాలుగు యాంటెన్నాలను నేను విడివిడిగా అడుగుతున్నాను, తెలియదనే జవాబులను పోగేసుకుంటున్నాను. ముందు నాలుగింటి సన్నటి సాక్ష్యాలనూ కలిపి, ఆ మొత్తం మీద ఒక్కసారే తీర్పు అడిగితే సరిపోతుంది. నలుగురు కాపలావాళ్ళ తీర్పులు, ఓట్ల లెక్క అక్కర్లేదు. ఇలాంటిది పుస్తకాల్లో లేదని కాదు. కానీ పుస్తకం చదివినప్పుడు నాకు అది తట్టలేదు.

దిగేముందు బాపు నా మణికట్టు పట్టుకున్నాడు. "ఎవలకు చెప్పకు బిడ్డా. మా గుడి కూటాలు దగ్గరికొస్తున్నయ్. మొదటి కెల్లి అది నా చేతుల మీదనే అయితుంది. చెవిటోడని తెలిస్తే రాజారత్నం సారు ఇంకొకలకు ఇస్తడు. అది వోతే ఇగ నేనేంది?"

ఏటా మూడు రోజులు జరిగే ఆ ప్రార్థన కూటాల కోసం ఆయన మిగతా ఏడాదంతా బాక్సులు తుడుస్తూ గడిపేవాడని నాకు తెలుసు. రాజారత్నం గారు ఆ సంఘంలో పెద్ద, ఏర్పాట్లన్నీ ఆయన మాట మీద జరుగుతాయి. "ఫికర్ చేయకు బాపు, చెప్ప" అన్నాను.

సమీక్ష బాగా జరిగింది. కొత్త పద్ధతిలో నా భాగం ముందున్నదానిలో సగం కూడా లేదు, బలహీనమైన మూటలను కూడా పట్టుకుంటోంది. మా బాస్ రెండుసార్లు అడిగి మరీ లెక్క సరిచూసుకుని, ఇది ఉంచుదాం అన్నాడు. నేను మిఠాయి డబ్బా పట్టుకుని ఎగురుకుంటూ ఇంటికొచ్చాను. కింద గదిలో రాజారత్నం గారు కూర్చుని ఉన్నారు, కూటాల సంగతి మాట్లాడడానికి వచ్చారట. మరియమ్మ టీ పోస్తోంది. ఆయన ఎంతో ఆప్యాయంగా, "వందనాలమ్మా. ఏంటి విశేషం, ఎందుకీ మిఠాయి?" అని అడిగారు.

నేను చెప్పాను. నోరు మూసుకుంటే పోయేదానికి మొత్తం చెప్పాను. యాంటెన్నాలు, రాగం, నాలుగు తీర్పులు, ఇదంతా నాకు ఎవరు నేర్పారో తెలుసా సార్ అంటూ కుర్చీ, అరచెయ్యి, జర్రంత చెవి, అన్నీ. బాపు గొప్పతనం ఆయనకు అర్థం కావాలన్న ఆత్రంలో ఉన్నాను. ఏం చెప్తున్నానో నాకే వినపడలేదు. మరియమ్మ చేతిలో టీ గ్లాసు గట్టిగా బల్ల మీద ఆనినప్పుడు ఆగాను. బాపు మా పెదవులనే చూస్తున్నాడు. ఎంత అందిందో తెలియదు గానీ, రాజారత్నం గారి మొహం చూశాక ఆయనకు అంతా అందింది.

రాజారత్నం గారు చెడ్డమనిషి కాదు. ఒక్క మాట కూడా కఠినంగా అనలేదు. "ఇన్నేళ్ళు సేవ చేసినవు దావీదూ, ఇంక విశ్రాంతి తీసుకో" అని భుజం తట్టి వెళ్ళారు. కూటాలకు వేరేవాళ్ళ కొత్త సెట్టు మాట్లాడారని వారం తర్వాత తెలిసింది. బాపు నన్ను తిట్టి ఉంటే బాగుండేది. ఆయన నాతో మాట్లాడ్డం మానేశాడు. మెట్ల మీద ఎదురైతే తాళ్ళు సర్దుతున్నట్టు వంగేవాడు. "మనిషికి కోపం లేదే, సిగ్గు" అంది మరియమ్మ. అది విన్నాక నాకు అన్నం సయించలేదు. నా డిజైను నిలబడింది, దాన్ని ఇచ్చిన మనిషి పని పోయింది. ఆ ఇడ్లీ కొంటెతనం, ఈ వాగుడు, రెండూ నా నోటివే.

కూటాల మొదటి సాయంత్రం నేనూ వెళ్ళాను. ఎండ ఇంకా పూర్తిగా పోలేదు. వేదిక పక్కన కొత్త బాక్సులు మనిషెత్తున నిలబడి ఉన్నాయి, వాటిలోంచి పాట ఊదరగొడుతోంది. బాపు నడుమ వరుసల్లో, అందరివీ ప్లాస్టిక్ కుర్చీలైతే, తన రేకు కుర్చీ తెచ్చుకుని కూర్చున్నాడు. ఎడమ అరచెయ్యి కుర్చీ అంచు మీదే ఉంది. నేను వెళ్ళి పక్కన కూర్చుని, "బాపు, నాది తప్పయింది" అన్నాను.

ఆయన ముందుకే చూస్తున్నాడు. మళ్ళీ అన్నాను. అప్పుడు నా వైపు తిరిగి, చుట్టూ నాలుగు వరుసలకు వినపడేంత గొంతుతో అన్నాడు.

"ఇనబడ్తలే బిడ్డా. నాకు చెవులు లేవు, అందరికీ ఎర్కే గదా. మళ్ళ చెప్పు."

మా ముందు వరుసలో ఆడవాళ్ళు వెనక్కి తిరిగారు. ఇన్నేళ్ళలో ఆయన నోట ఆ మాట రావడం అదే మొదటిసారి అయ్యుంటుంది. ఇనబడ్తలే, మళ్ళ చెప్పు. అన్నాక ఆయన భుజాలు కొంచెం దిగాయి, బరువైన బాక్సు కింద పెట్టినప్పుడు దిగినట్టు. పాట హోరులో ఎంత అరిచినా చెవి దాకా పోదని నాకు తెలుసు. ఏం చెయ్యాలో కూడా అప్పుడే తెలిసింది. వంగి, ఆయన కుర్చీ రేకు మీద వేలితో టప్ టప్ అని కొట్టాను. మరియమ్మ వ్యవధిలోనే, ఒక్క క్షణం అటూ ఇటూ కాకుండా, గొంతెత్తి అన్నాను.

"హలో, హలో. హలో, హలో."

ఆయన అరచెయ్యి బిగుసుకుంది. తల నా వైపు వంచాడు, ఎడమ చెవి ముందుకు పెట్టి.

"బాపు. నాది తప్పయింది. నన్ను మాఫ్ చెయ్."

ఆయన వేదిక వైపు తిరిగి, గ్రౌండు చివర కూర్చుని మరియమ్మకు చూపినట్టే, కుడిచెయ్యి నిటారుగా పైకెత్తాడు. పాట పాడుతున్నవాళ్ళు ఆయన భక్తితో చెయ్యెత్తాడనుకుని ఉంటారు. నేను ఏడ్చాను, దాచుకోలేదు.

బాపు పోయి రెండేళ్ళయింది. నేను సంతోష్‌నగర్ వైపు ఈ అపార్ట్‌మెంట్‌కు మారాను. ఇప్పుడు కొత్తగా చేరిన ఇంజినీర్లకు నేనే పని నేర్పుతున్నాను. నలుగురినీ కలుపుకుని ఒక్కసారి అడగమని చెప్తాను, ఎవరి దగ్గర నేర్చుకున్నానో మాత్రం చెప్పను. ఆ మాట ఇంక నా దగ్గరే ఉంటుంది. ఎవరైనా మీటింగులో వినపడలేదు, మళ్ళీ చెప్పండి అంటే విసుక్కోను, మొదటి నుంచి మళ్ళీ చెప్తాను. నిన్న కింద టెంటు దగ్గర ఆ గొంతు రెండోసారి హలో అన్నప్పుడు, నాకు తెలియకుండానే నా ఎడమ అరచెయ్యి కిటికీ ఊచ మీద ఆనింది. ఊచ సన్నగా అదిరింది. అప్పుడే కుడిచెయ్యి లేచింది.